ముందు పొద, ఆ తర్వాతే చెట్టు

(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా గ్రామసభల సభ్యులు, కాలేజీ పిల్లల ముందు తునికాకు సీజను ముగిసే రోజుల్లో చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పొద్దున తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చిన అక్కలు ముందు వరసలో కనిపిస్తున్నారు. కాబట్టి ఉపోద్ఘాతాలు పెట్టుకోను. మన ఊళ్ల వెనక బోడిగా పడి ఉన్న గుట్టల మీద, పడావు పడ్డ భూముల్లో ఏం నాటాలని గ్రామసభల వాళ్లు నన్ను అడిగారు. కొందరు టేకు అన్నారు, కొందరు వెదురు, కొందరు సీతాఫలం. నేను కలివి పొద అంటున్నాను.

(సభలో నవ్వులు)

నవ్వుతారని తెలుసు. గొర్లు కాసే పిల్లలు దారిలో తెంపుకు తినే పండు, చీరకు తగిలితే చింపేసే ముల్లు. దీన్ని కూడా ఎవడైనా పని పెట్టుకుని నాటుతాడా అనిపిస్తుంది. నాటాలి. నాటడమే కాదు, టేకు కన్నా, వేప కన్నా ముందు దీన్ని నాటాలి. ఎందుకో చెప్తాను.

మన రాష్ట్రంలో చెట్లు నాటడం ఎంత పెద్ద ఎత్తున జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2016లో 2 కోట్ల మొక్కలని మొదలుపెట్టారు. తర్వాతి ఏడాది 4 కోట్లు, 2018లో 13 కోట్లు, 2019లో 33 కోట్లు లక్ష్యం పెట్టుకున్నారు. నాటడం మంచిదే, నేను వద్దనను. కానీ మొరం తేలిన గుట్ట మీద అడుగున్నర గుంట తీసి, నర్సరీలో రోజూ నీళ్లు తాగి పెరిగిన మొక్కను జూలైలో పెడితే, వచ్చే మే నెల దాకా అది ఎలా బతకాలి? అక్టోబరులో వానలు ఆగిపోతాయి. జనవరికి పశువులు మేతకు అటే మళ్లుతాయి. ఫిబ్రవరి, మార్చిలో తునికి చిగురు బాగా రావాలనో, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలనో ఎవరో నిప్పు పెడతారు. ఇవన్నీ దాటితే 46 డిగ్రీల ఎండ ఉండనే ఉంది. ఇన్ని గండాలు గట్టెక్కిన మొక్కలు మీ గుట్టల మీద ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు అదే గుట్ట మీద ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పచ్చగా నిలబడ్డది ఏమిటి? కలివి, పరికి, నేలరేగు. ఇందులో కలివిది ఇంకో గొప్ప. మిగతా అడవంతా ఆకు రాల్చి మోడుగా నిలబడ్డప్పుడు కూడా దీనికి ఆకు ఉంటుంది. దట్టమైన, తోలులాంటి ఆకు. అందుకే ఎండ దెబ్బకు తట్టుకుంటుంది. గన్నేరు కుటుంబపు మొక్క ఇది, ఎక్కడ తుంచినా పాలు కారతాయి. పశువులకు ఆ పాలు రుచించవు. మేక మొండిది, లేత చిగుళ్లు కొరుకుతుంది గానీ పొద కాస్త గుబురైతే అది కూడా ముళ్లలోకి మూతి పెట్టదు. నరికినా, కాలినా వేరు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. ఉప్పు నేల, చవిటి నేల కూడా కొంతవరకు ఓర్చుకుంటుంది. ఓర్వనిది ఒక్కటే, నిలవ నీరు. కాబట్టి ప్రాణహిత, గోదావరి ఒడ్డున వరద పడుతున్న పొలాలకు ఇది పనికిరాదు. 2022 జూలైలో నీళ్లెక్కిన భూములున్న వాళ్లు అడగబోతున్నారని ముందే చెప్తున్నా. అక్కడికి వేరే మొక్కలు కావాలి, ఆ సంగతి ఈ రోజు ఎత్తుకోను.

అసలు విషయం పొద కింద ఉంది. కాలేజీ పిల్లలకు ఒక పని చెప్తాను. రేపు ఊరి వెనక ఏదైనా పాత కలివి పొద దగ్గర కూర్చుని, కర్రతో కొమ్మలు పైకెత్తి లోపలికి చూడండి. బయట ఎర్ర మొరం, కాలు పెడితే కాలుతుంది. లోపల నాలుగు వేళ్ల మందాన ఆకుల చెత్త, దాని కింద నల్లబడ్డ మట్టి. చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది. అందులో పుల్లలంత మొక్కలు నిలబడి ఉంటాయి. వేప కనిపిస్తుంది, రేల కనిపిస్తుంది, నేరేడు, మొర్రి ఉండొచ్చు. అదృష్టం బాగుంటే చందనం. ఎవరు నాటారు వాటిని? పిగిలిపిట్ట నాటింది. గోరింక నాటింది. రాత్రిపూట పునుగుపిల్లి, నక్క నాటాయి. పండు తిన్న జీవి మరో పొద మీద వాలుతుంది, లేదా పొద నీడన ఆగుతుంది, అక్కడ రెట్ట వేస్తుంది, పెంట వేస్తుంది. గింజ నేల మీద పడుతుంది. బోడి నేల మీద పడ్డ గింజ ఎండకు మాడుతుంది. పొద కింద పడ్డది మొలుస్తుంది. మొలిచిన మొక్కను మేక అందుకోలేదు, ఎందుకంటే చుట్టూ ముళ్లు. నాలుగైదేళ్లకు ఆ మొక్క పొద నెత్తిన తల పైకెత్తుతుంది. అప్పటికి మేకకు అందనంత ఎత్తు ఎదిగి ఉంటుంది.

చందనం సంగతి చూడండి. దాని వేరు పక్క మొక్కల వేళ్లను పట్టుకుని నీరు, లవణాలు తెచ్చుకుంటుంది. ఒంటరిగా గుంట తీసి నాటితే నీరసించి పోతుంది. అడవిలో దాని మొలకలు ముళ్ల పొదల నడుమ ఎందుకు కనిపిస్తాయంటే, అక్కడ పక్క వేరూ దొరుకుతుంది, కాపలా కూడా దొరుకుతుంది. మనం ట్రీగార్డుకు డబ్బులు పోస్తాం, డ్రిప్పు పెడతాం, వాచరును పెడతాం. పొద ఈ మూడు పనులూ జీతం లేకుండా చేస్తుంది. నేను ముందు పొద అనడానికి కారణం ఇదే.

ఇక పండు. జనవరి, ఫిబ్రవరి నుంచి పూత. మల్లెలాంటి తెల్లటి పూలు, వాసన బాగా దూరం వస్తుంది. మే చివర నుంచి జూలై దాకా పండ్లు. ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, మాగాక నల్లటి ఊదా. తొడిమ దగ్గర తుంచితే ఒక పాల చుక్క వస్తుంది, దోరకాయ తింటే ఆ పాలకే పెదాలు అంటుకుంటాయి. మాగితే తియ్యన, అడుగున కాస్త పులుపు. ముంబై, పుణె వైపు బుట్టల్లో పెట్టుకుని 'డోంగర్చీ కాళీ మైనా' అని కేకేస్తూ అమ్మేది ఈ జాతి పండునే, వాళ్లు కరవంద అంటారు. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు కాబట్టి ఆ పేరు వాళ్లకు తెలుసు, ఇంట్లో అమ్మమ్మ చెప్పే పేరు మర్చిపోతున్నారు. నది అవతల తెలంగాణలో వాక్కాయ పప్పు చేసుకుంటారే, అది దీనికి చుట్టం, కాయ పెద్దది, పులుపు ఎక్కువ.

ఈ పండే సమయం ముఖ్యం. ఇప్పపువ్వు ఏప్రిల్‌కి అయిపోతుంది. తునికిపండు, మొర్రిపండు మే నెలతో సరి. నేరేడు ఇంకా సరిగ్గా మాగదు. వానలు పడేదాకా అడవిలో నీళ్లు తక్కువ, తిండి తక్కువ. ఆ సందులో రసం ఉన్న పండు అందేది కలివి దగ్గర. బుల్బుల్ జాతి పిట్టలన్నిటికీ, కోకిలకు, నెమలికి, నక్కకు, ఎలుగుకు అది పెద్ద ఆసరా. అందుకని కలివి ఒక్కటే వేయమని కూడా అనను. చలికాలంలో పండే రేగు, పరికి కలపండి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏదో ఒక పండు ఉంటే పిట్ట ఊరు విడిచిపోదు.

ఒక అక్క చెయ్యెత్తింది. అడగండి అక్కా.

(ప్రశ్న: సార్, గుట్ట నిండా పులికంప ఉన్నది. దానికి కూడా పండ్లు కాస్తయి, పిట్టలు తింటయి. మళ్లా ఇదెందుకు?)

చాలా మంచి ప్రశ్న. పులికంప అంటే లాంటానా. కొందరు అత్తాకోడళ్ల చెట్టు అంటారు. మన దేశపు మొక్క కాదది. అమెరికా ఖండం నుంచి 1800ల మొదట్లో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చారు. ఆ తోట దాటి ఇప్పుడు దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా విస్తీర్ణంలో కనిపిస్తోందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. మీరన్నట్టు పిట్టలు దాని పండు తింటాయి, అలా తినబట్టే అంతటా పాకింది. తేడా ఎక్కడంటే, కలివి పొద పొదగా ఉంటుంది, మధ్యలో గడ్డికి చోటు మిగులుతుంది. పులికంప ఒకదానిమీద ఒకటి ఎక్కి చాపలా కమ్ముకుంటుంది. కింద వెలుతురు ఉండదు. అందులో ఇంకో గింజ మొలవడం కష్టం, గడ్డి రాదు, గడ్డి లేకపోతే దుప్పి రాదు. ఆకు పశువులకు విషం, తిన్న ఎడ్లకు కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. ఎండాకాలంలో ఎండిన కంప అంటుకుంటే మంట చెట్ల కొమ్మల దాకా లేస్తుంది. పండు ఇస్తుంది కదా అని దాన్ని మెచ్చుకుంటే మిగతా అడవిని వదులుకోవాల్సి వస్తుంది.

దాన్ని తీసే పద్ధతి కూడా ఒకటుంది. పైపైన నరికితే రెట్టింపు పిలకలు వస్తాయి. గుంట తీసి పెళ్లగిస్తే నేల కదిలి, మట్టిలో ఉన్న దాని గింజలన్నీ మొలుస్తాయి. నేల మట్టానికి రెండు మూడు వేళ్ల లోతున ప్రధాన వేరును గొడ్డలితో తెగ్గొట్టి, పొదను తలకిందులుగా బోర్లించి వదిలేయాలి. వేరు మళ్లీ నేలను తాకకూడదు, అంతే. కాయ పండకముందే ఈ పని అయిపోవాలి. ఖాళీ అయిన చోటును అలా వదిలేస్తే మళ్లీ అదే వస్తుంది. అక్కడే మన పొదలు పెట్టాలి.

ఇప్పుడు ఒక పిట్ట సంగతి చెప్పాలి, సిరోంచలో నిలబడి చెప్పకపోతే తప్పు. కడప జిల్లాలో కలివి కోడి అని ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్. చిన్న పిట్టే, పొడుగు కాళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. పగలు పొదల చాటున ఉంటుంది, రాత్రి తిరుగుతుంది. 1848లో లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరి మనుషుల సాయంతో కడప దగ్గర మళ్లీ కనుక్కున్నారు. అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది దానికోసమే. ఇదంతా కడప కథ అనుకుంటున్నారా? 19వ శతాబ్దంలో బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోదావరి లోయలో తిరుగుతూ ఈ పిట్టను రెండు చోట్ల నమోదు చేశాడు. ఒకటి భద్రాచలం. రెండోది సిరోంచ.

(సభలో కలకలం)

అవును, మన సిరోంచే. పొదలు వేస్తే అది తిరిగొస్తుందని నేను చెప్పను, అలా చెప్పి మీ చేత పని చేయించడం మోసం. కానీ ఆ పిట్ట మీద పనిచేసినవాళ్లు మనకు పనికొచ్చే లెక్క ఒకటి తేల్చారు. దానికి దట్టమైన అడవి నచ్చదు, బోడి నేల కూడా నచ్చదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు ఉండి, మధ్యలో ఖాళీ నేల ఉన్న చోటే ఎక్కువగా తిరుగుతుంది. ఎకరం లెక్కన చూస్తే సుమారు 120 నుంచి 280 పొదలు. పొదల అడవి అంటే ఎలా ఉండాలో ఆ పిట్ట చెప్పినట్టు ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఆఫీసు కాగితాల్లో ఇలాంటి నేలకు 'బంజరు' అని పేరు రాస్తారు, అదే నాకు ఒళ్లు మండే విషయం. కౌజులు, కుందేళ్లు, ఉడుములు, కొండగొర్రెలు బతికే నేల బంజరు ఎలా అవుతుంది?

కాబట్టి గుట్టంతా వరసలు కట్టి నింపకండి. ఐదారు మొక్కలు రెండు మూడు అడుగుల ఎడంతో ఒక గుంపుగా పెట్టండి. గుంపుకీ గుంపుకీ మధ్య పదిహేను, ఇరవై అడుగులు గడ్డికి వదలండి. ఉపాధి హామీలో తవ్విన అడ్డ కందకాలు ఉన్న చోట, కందకం కింది వైపు గట్టు మీద పెట్టండి, నీళ్లు వేరుకు అందుతాయి, వేరు గట్టును పట్టుకుంటుంది. చేను చుట్టూ కంచె కావాలనుకునేవాళ్లు మాత్రం వరసగానే, రెండడుగులకు ఒకటి. అడవిపందిని పూర్తిగా ఆపుతుందని నేను హామీ ఇవ్వను. పశువులను మటుకు ఆపుతుంది.

మొక్క తయారీ ఈ వారమే మొదలవ్వాలి. ఎందుకంటే ఈ గింజ నిలవ ఉండదు. వేప గింజలాగే, ఆరిపోతే చస్తుంది. పోయినేడు గింజ డబ్బాలో దాచి ఈ ఏడు వేస్తే మొలవదు. నల్లగా మాగిన పండ్లనే ఏరండి, రాలినవైనా సరే. బూడిద కలిపి గోనెసంచి మీద వేసి చేత్తో రుద్దితే గుజ్జు, పాల జిగురు వదులుతాయి. చేతులకు ముందే కాస్త నూనె రాసుకోండి, లేకపోతే ఆ జిగురు రెండు రోజులు పోదు. నీళ్లలో కడిగి తేలినవి పారబోయండి. నీడన ఒక పూట ఆరబెట్టి వెంటనే వేసేయండి. రెండు వంతుల మట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు మాగిన పశువుల ఎరువు. సంచికి రెండు గింజలు, అర అంగుళం లోతు. మూడు నాలుగు వారాలకు మొలక కనిపిస్తుంది. మొదటి ఏడాది పెద్దగా ఎదగదు, బయటికి కనిపించేది తక్కువ. దాన్ని చూసి బెంగపడి యూరియా వేయకండి. వచ్చే మిరుగు, అంటే మృగశిర కార్తె దాకా నర్సరీలో ఉంచి, మొదటి రెండు పెద్ద వానలు పడ్డాక నాటండి. గుంట అడుగు లోతు చాలు. మూడో ఏడు నుంచి కాయ చూడొచ్చు.

గింజలు ఎక్కువ దొరికితే కొన్ని నేరుగా కందకాల గట్ల మీద జల్లి, పైన కాస్త మట్టి, ఆ పైన ముళ్ల కంప కప్పండి. వందకు ఎన్ని బతుకుతాయో చెప్పలేం గానీ, బతికినవి నర్సరీ మొక్క కన్నా గట్టిగా ఉంటాయి. వేరు సంచిలో చుట్టుకోకుండా సూటిగా కిందికి దిగుతుంది కాబట్టి.

(ప్రశ్న: ఎలుగుబంట్లు ఎక్కువైతయి గదా సార్? ఇప్పటికే తునికాకుకు పోవాలంటే భయం.)

భయం న్యాయమైనదే, నేను కొట్టిపారేయను. ఎలుగు పండు కోసం వస్తుంది. ఊరికి, చెరువు బాటకు, బడి దారికి, మీరు ఆకు కోసే దారికి ఆనుకుని గుంపులు పెట్టొద్దు. ఊరి దగ్గర నాటేది చేను కంచె వరకే, దాని కాయ మీరే ముందు కోసేసుకోండి. జంతువుల కోసం పెట్టేవి గుట్ట అవతలి వైపు, మనుషుల నడక లేని చోట. అడవిలో తిండి ఉంటే ఎలుగు ఊళ్లోకి రాదని కొందరు ఖరాఖండిగా చెప్తారు. నాకు అంత ధీమా లేదు. పొద పక్కన మలుపు తిరిగేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ నడవండి, ఎలుగుకు చూపు మందం, అదాటున ఎదురుపడితేనే మీద పడుతుంది.

నిప్పు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పెద్ద పొద కాలినా మళ్లీ వస్తుంది, రెండేళ్ల మొక్క రాదు. నాటిన చోటు చుట్టూ జనవరిలోనే పది అడుగుల వెడల్పున గడ్డి గీకి నిప్పు గీత తీయాలి. తునికి మొదళ్లు కొట్టినా చిగురు వస్తుంది, దానికి నిప్పు అక్కర్లేదని ఆకు కోసే అక్కలకు నాకన్నా బాగా తెలుసు. ఈ విషయంలో గ్రామసభ తీర్మానం చేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సామూహిక హక్కు పత్రం ఉన్న ఊళ్లకు అడవిని కాపాడుకునే, పునరుద్ధరించే అధికారం ఉంది. మన గడ్చిరోలి జిల్లాలోనే మేండా లేఖా అనే ఊరు 2009లో ఆ హక్కు పత్రం అందుకుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా మీదే, కలివి పండు అందులోకే వస్తుంది.

డబ్బు మాట ఎవరూ అడగలేదు, మొహమాటం కాబోలు. పచ్చి కాయతో పచ్చడి, పండుతో జామ్, షర్బత్ చేస్తారు. చిక్కదనం ఇచ్చే పెక్టిన్ ఇందులోనే ఉంది కాబట్టి జెల్లీ బాగా కుదురుతుంది. ఇంకో తమాషా. బేకరీలో కేకు మీద, తీపి పాన్ మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' చూస్తారే, చాలాసార్లు అది చెర్రీ కాదు. కలివి చుట్టమైన కరోండా, అంటే ఇందాక చెప్పిన వాక్కాయలో గింజ తీసి, పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు వేసిందే. మంచి పంట అని ఊదరగొట్టి మిమ్మల్ని అప్పుల్లో దించాలని లేదు. మన అడవి కలివి కాయ చిన్నది, కోత కష్టం, ముళ్లు. సంతలో పిడికెడు కుప్పలు పోసి అమ్ముకునేంత వస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. కోసినా, పొద బయటి వైపు చేతికి అందేదే కోయండి. లోపలి కొమ్మల కాయ పిట్టలకు వదిలేయండి, ముళ్లు ఎలాగూ మీ చేత ఆ పని చేయిస్తాయి.

ఇంకేమైనా ఉంటే చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం. నర్సరీ సంచులు ఏ ఊరికి ఎన్ని కావాలో వెనక బల్ల దగ్గర తమ్ముడు రాసుకుంటున్నాడు. మట్టి, ఎరువు మీ ఊళ్లోనే కలుపుకోవాలి, సంచులు మాత్రమే ఇస్తారు. పండ్లు ఏరేది ఎవరో కూడా ఇప్పుడే ఖాయం చేసుకుని పేరు రాయించండి, వాన మొదలైందంటే నాలుగు రోజుల్లో పండంతా రాలి కుళ్లిపోతుంది.